గెజిటెడ్ మెడ

ఆ ఏడు గుండ్లకోట మున్సిపాలిటీకి గౌరవించే జబ్బు పట్టుకుంది. మామూలు జబ్బయితే మందో మాకో ఉంటుంది. ఇది పైనుంచి సర్క్యులర్‌లో దిగిన జబ్బు. "ఒక పట్టణం, ఒక ప్రతిమ" అని పథకం పేరు. ప్రతి ఊరూ తనకు గర్వకారణమైనదాన్ని ఒకటి ఎంచుకోవాలి. దాని బొమ్మను రెసిన్‌తో పోయించి, ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసి, పెట్టెల్లో పెట్టి, జనం సేకరించి దాచుకునేలా చెయ్యాలి. మూడు నెలల్లో చెయ్యకపోతే సంజాయిషీ.

పక్క ఊరివాళ్లు తమ మిరపకాయను పోయించేశారు. ఆ పై ఊరివాళ్లు తమ కోట బురుజును పోయించుకున్నారు. గుండ్లకోటలో మిరప పండదు. బురుజు ఉండేది గానీ, దాని రాళ్లు పీకే మున్సిపల్ ఆఫీసుకు ప్రహరీ కట్టారు. వెతగ్గా వెతగ్గా ఊరంతా ఒక్క నోటితో మెచ్చుకునే ప్రాణి ఒకటి తేలింది. కౌన్సిలర్లలో ఎవరూ కాదు. దాని పేరు చిన్నక్క. అది గాడిద.

ఊరి వెనక గుట్ట, గుట్ట మీద పైపేట. ఇరవై రెండు ఇళ్లు, రెండు వందల పద్నాలుగు మెట్లు. కొళాయి మాత్రం కిందే. నీళ్లు మెట్లెక్కవు కాబట్టి చిన్నక్క ఎక్కిస్తుంది. దాన్ని సాకే సుంకులమ్మకు మోకాళ్లు అరిగి నాలుగేళ్లయింది. ఆమె కొళాయి దగ్గరే ఉండి నాలుగు క్యాన్లు నింపి చిన్నక్క వీపున కడుతుంది. అది గంట మోగించుకుంటూ ఒక్కతే ఎక్కుతుంది, ఏ ఇంటి వంతయితే ఆ ఇంటి ముందు ఆగుతుంది. వాళ్లు నిండు క్యాను దించుకుని ఖాళీది తగిలిస్తారు. ఆలస్యం చేస్తే ఒక్క అరుపు అరుస్తుంది. రోజుకు ఆరు విడతలు. ఇరవై రెండిళ్లవాళ్లూ ఆ నీళ్లే తాగుతారు, ఆ నీళ్లతోనే వండుకుంటారు.

దీన్ని ఎవరో ఫోన్‌లో తీసి పంపితే నాలుగు లక్షలమంది చూసి, ఎంత తెలివో అని ముచ్చటపడ్డారు. పైపేటకు పైపు ఎందుకు లేదని అందులో ఒక్కరూ అడగలేదు. అడిగేవాడు మద్దిలేటి ఒక్కడే. గుట్ట మీద ఆఖరి ఇల్లు అతనిది. మోటారు పెట్టి పైపు వెయ్యండి మహాప్రభో అని తొమ్మిదేళ్లుగా అర్జీలు ఇస్తున్నాడు. ఆ అర్జీలన్నీ ఒకచోట పేరిస్తే వాటి మీదుగానే నీళ్లు పైకి పోవచ్చు.

ప్రతిమ మీద మీటింగుకు సుంకులమ్మను పిలిచారు. కాగితంలో ఆమెను "గాడిద పక్షమున హాజరు కావలసిన వ్యక్తి" అని రాశారు. బల్ల మీద మట్టి నమూనా ఉంది. బల్ల వెనక కమిషనర్ పరాంకుశం గారు, పక్కన సుందరీకరణ అధికారి హేమసుందర్. పరాంకుశం గారు గట్టి సంప్రదాయం మనిషి. ఆయన ఫైలు విప్పినా తూర్పుకు తిరిగే విప్పుతారు.

"వీపు మీద క్యాన్లు తీసేయించాం సార్," అన్నాడు హేమసుందర్. "క్యాన్లు ఉన్నచో పట్టణంలో నీటి ఎద్దడి ఉన్నట్టు అపార్థం కలిగే ప్రమాదం కలదు."

"సబబు. మరి ఆ పైపు అర్జీ?"

"పైపు వేస్తే గాడిదకు పని పోతుంది సార్. పని పోతే గర్వకారణం పోతుంది. గర్వకారణం పోతే పథకం పోతుంది."

"అట్లయితే పైపు విషయం పక్కన పెట్టడమైనది," అన్నారు పరాంకుశం గారు. తొమ్మిదేళ్ల అర్జీ పక్కకు పోవడానికి అంతసేపే పట్టింది.

చిన్న బొమ్మలు వంద. మొదటి నంబరుది మాత్రం నిలువెత్తు బొమ్మ, మెట్ల మొదట్లో నిలబెడతారు. దానికి అసలు గాడిదది ఏదైనా ఒక వస్తువు తగిలిస్తేనే యోగ్యతాపత్రం వస్తుందట. హేమసుందర్ అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. "గంట," అన్నాడు.

సుంకులమ్మ కుర్చీలోంచి లేచింది. "గంట వద్దు సారూ. ఇంకేమన్నా తీసుకోండి. దాని తాడు తీసుకోండి, గోనెపట్ట తీసుకోండి. గంట మాత్రం వద్దు."

"కారణం?"

"గాడిదల్లో గంట కట్టిందే ముందు గాడిద సామీ. ఎనకది ఆ గంట ఇనుకుంటా నడుస్తాది. ఇది పుట్టినప్పట్నుంచి వాళ్లమ్మ పెద్దక్క ఎనకే నడిచింది. పెద్దక్క సచ్చిపోయినాక మూడు దినాలు అడుగెయ్యలే. ఆ గంట తెచ్చి దీని మెడకు కడ్తే అప్పుడు కదిలింది. గంట తీసినారంటే ఇది యాడిదాడ్నే నిలబడిపోతాది. పైనోళ్లకు నీళ్లుండవు."

పరాంకుశం గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈ విషయాన్ని పశువైద్యాధికారి ఎవరైనా రాతపూర్వకంగా ధ్రువీకరించారా?"

"లేదు సామీ. గాడిదే చెప్తాది."

"గాడిద చెప్పినదాన్ని మినిట్స్‌లో ఎక్కించే వీలు లేదమ్మా," అన్నారాయన. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. జాలిపడి గంటను తీర్మానంలో ఎక్కించారు.

ఆవిష్కరణ నాడు షామియానా వేశారు, బూందీ పొట్లాలు పంచారు. పైపేటలో ఇంటికొక చిన్న బొమ్మ ఇచ్చారు, పెట్టెలో. పెట్టె మీద "విప్పరాదు, విప్పిన యెడల విలువ పోవును" అని అచ్చేశారు.

మద్దిలేటి తల్లి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్లో ఏముండాదిరా?"

"గాడిదమ్మా."

"యాదీ, సూపియ్యి."

"సూస్తే ఇలువ పోతాదంట."

"సూడకపోతే ఇది గాడిదో గుర్రమో నాకెట్ల తెల్సేది?" అంది ముసలామె. ఆ సభలో అర్థమున్న ప్రశ్న అదొక్కటే గానీ, మైకు ఆమె చేతిలో లేదు.

చిన్నక్కకు పూలదండ వేసి తెచ్చారు. హేమసుందర్ దాని మెడలోంచి గంట విప్పాడు. సుంకులమ్మ అటు చూడలేక తల తిప్పుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది. మంగళవాద్యాల మధ్య గంటను బొమ్మ మెడకు గొలుసుతో కట్టి, సీసపు ముద్ర వేశారు. యోగ్యతాపత్రాన్ని పరాంకుశం గారు గట్టిగా చదివి సంతకం పెట్టారు: "గంట సర్వకాలములయందును మెడలోనే వేలాడుచుండవలెను. ఒక్క దినము మెడ తప్పినను ప్రతిమ విలువ కోల్పోవును."

గాలికి గంట కదిలి మోగింది. చిన్నక్క చెవులు నిక్కించింది. నెమ్మదిగా నడిచి బొమ్మ వెనక్కి పోయి, దాని తోకకు ముక్కు ఆనించి నిలబడింది.

జనం చప్పట్లు కొట్టారు. "చూశారా, సభక్తికంగా ఎట్లా నిలబడిందో!" అన్నారు పరాంకుశం గారు.

సాయంత్రానికి షామియానా విప్పేశారు. చిన్నక్క అక్కడే ఉంది. మర్నాడు పొద్దున సుంకులమ్మ నాలుగు క్యాన్లూ కట్టి "హై" అంది. చిన్నక్క ముందున్న బొమ్మ వైపు చూసింది. బొమ్మ కదిలితే తనూ కదులుదామని దాని ఉద్దేశం. బొమ్మ కదల్లేదు. తాడు కట్టి లాగితే నాలుగు కాళ్లూ బిగించింది. బెల్లం పెడితే బెల్లం తిని నిలబడింది. సుంకులమ్మ సంతలో కొత్త గంట కొనుక్కొచ్చి కట్టింది. చిన్నక్క దాని చప్పుడు విని తల విదిలించింది. వాళ్లమ్మ గంట మరో మెడలో మోగుతుంటే ఇదెవరి గంటని దాని లెక్క.

పైపేటలో కాళ్లున్నవాళ్లు బిందెలు పట్టుకుని దిగారు. కాళ్లు లేని ముసలివాళ్లు పక్కింటివాళ్ల దయ మీద బతికారు. మద్దిలేటి తల్లి చెంబుడు నీళ్లను రెండు పూటలకు సర్దుకుంది. అది విన్నాక సుంకులమ్మకు అన్నం సయించలేదు. కుంటుకుంటూ మున్సిపల్ ఆఫీసుకు పోయి, గంట తిరిగి ఇమ్మని చేతులు జోడించింది. అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడు. సుంకులమ్మ ఒక గాడిద కోసం ఆఫీసులో ఎవరెవరి కాళ్లో పట్టుకోవలసి వచ్చింది.

"గంట ఇప్పుడు ప్రతిమలో అంతర్భాగం," అన్నాడు హేమసుందర్. "లోపం గంటలో లేదు, గాడిద అవగాహనలో ఉంది. అవగాహన కల్పిస్తాం."

చెప్పినట్టే కల్పించారు. మెట్ల దగ్గర బ్యానర్ కట్టి, మైకు పెట్టి, ఎదురుగా ఉన్నది ప్రాణం లేని రెసిన్ వస్తువని హేమసుందర్ చిన్నక్కకు అరగంటసేపు వివరించాడు. చిన్నక్క మధ్యలో ఒకసారి పేడ వేసింది. "సదరు గాడిద ఆసాంతం శ్రద్ధగా ఆలకించినది" అని నివేదిక రాశారు. అది అబద్ధం కూడా కాదు, కదలకుండా నిలబడే వింది.

పదో రోజున పైపేట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు కూర్చునేసరికి పరాంకుశం గారే స్వయంగా మార్గం కనిపెట్టారు. "గుళ్లో స్వామి ఉత్సవానికి బయల్దేరతాడు, ఊరేగి మళ్లీ స్వస్థానానికి వస్తాడు. అంతమాత్రాన గుడి మారినట్టా? కావున ప్రతిమను తొలగించరాదు గానీ ఊరేగించవచ్చును. ముందు ప్రతిమ కదిలిన, వెనుక గాడిద కదులును. మోసే భాగ్యం పైపేట వాస్తవ్యులకే ఇవ్వడమైనది."

బొమ్మ బరువు ఎనభై కిలోలు. వెదురు బొంగులు కట్టి ఎనిమిదిమంది మగవాళ్లు దాన్ని భుజాలకెత్తుకున్నారు. గంట మోగింది. వెనకే చిన్నక్క నాలుగు క్యాన్లతో బుద్ధిగా మెట్లెక్కింది. రోజుకు ఆరు విడతలు. మోసేవాళ్లు చెప్పులు వేసుకోరాదని హేమసుందర్ నియమం పెట్టాడు, హాజరు పట్టీ పట్టుకుని వెంట నడిచాడు. ఎనిమిది మంది గాడిదను మోస్తే, ఆ గాడిదను చూసి ఇంకో గాడిద అరవై లీటర్ల నీళ్లు మోస్తుంది. దీనికి "ప్రజల స్వచ్ఛంద నిత్యోత్సవం" అని పేరు పెట్టి ఫొటోలు పైకి పంపారు.

మూడో రోజు మద్దిలేటి భుజం మీద పుండు చూపించాడు. "సుంకులమ్మక్కా, ఈ బొమ్మను ఇడ్సిపెట్టి మేమే క్యానొకటి ఎత్తుకుంటే మూడు విడతల్లో అయిపోతాది గదక్కా?"

"అడిగినావా సారును?"

"అడిగినా. నిత్యోత్సవం మొదలుపెట్టినాక ఆపితే దోసమంట."

తొమ్మిదో రోజున నూట నలభయ్యో మెట్టు మీద ఒకడికి కాలు జారింది. మనుషులకు దెబ్బలు తగల్లేదు గానీ బొమ్మ మెడ పుటుక్కున విరిగింది. మొండెం అక్కడే పడింది. తల, దాంతోపాటు గంట, ఖంగుఖంగుమంటూ కిందికి దొర్లాయి. చిన్నక్క వెంటనే వెనక్కి తిరిగి ఆ గంట వెంబడి నూట నలభై మెట్లూ దిగేసింది. కొళాయి దగ్గర ఆగిన గంటను సుంకులమ్మ అందుకోబోయే లోపల హేమసుందర్ ఆయాసపడుతూ వచ్చి లాక్కున్నాడు.

అత్యవసర సమావేశం జరిగింది. బొమ్మను అతికించడానికి సిటీకి పంపాలి, నలభై రోజులు పడుతుంది. అంతవరకు గంట సంగతేమిటి? యోగ్యతాపత్రం బల్ల మీదే ఉంది. గంట సర్వకాలములయందును మెడలోనే ఉండాలి. బీరువాకు మెడ లేదు.

"ఏదో ఒక మెడ అవసరం," అన్నారు పరాంకుశం గారు.

"చిన్నక్క మెడ ఉండాది గదా సామీ," అంది సుంకులమ్మ. మూడు వారాలుగా ఆమె చెప్తున్నది అదే.

"ముద్ర పడిన వస్తువమ్మా ఇది. గెజిటెడ్ అధికారి కస్టడీలోనే ఉండాలి. ఆ మెడ గెజిటెడ్ కాదు."

హేమసుందర్ తన మెడ తడుముకుని, తనూ నాన్ గెజిటెడ్ అని విచారంగా ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసు మొత్తానికి గెజిటెడ్ మెడ ఒక్కటే ఉంది. పరాంకుశం గారు మొదట కొంచెం మొహమాటపడ్డారు. తర్వాత తల వంచారు. హేమసుందర్ గొలుసు వేసి, సీసపు ముద్ర బిగించి, ఫొటో తీశాడు. అద్దంలో చూసుకుంటే పరాంకుశం గారికి అది ఏదో బిరుదు పతకంలా కనిపించింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అని సుంకులమ్మ గొణుక్కుంది. ఇంటికొచ్చి ఆ పూట ఏడ్చింది. ఉత్సవం కూడా ఆగిపోయింది, పైన మళ్లీ బిందెల బతుకే.

ఈలోగా మద్దిలేటి జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు పంపాడు. అక్కడివాళ్లు ఆ ఫిర్యాదును అలవాటు ప్రకారం ఎవరి మీద వచ్చిందో వాళ్లకే పంపారు: "కమిషనర్ స్వయముగా పైపేట సందర్శించి, నీరు అందుచున్నదో లేదో మూడు దినములలో నివేదించవలెను."

ఆ పొద్దున చిన్నక్క ఖాళీ అయిన గద్దె దగ్గర తల వేలాడేసి నిలబడి ఉంది. సుంకులమ్మ కొళాయి దగ్గర కూర్చుని బిందెలు పట్టేవాళ్లకు చోటిస్తోంది. జీపు ఆగింది. పరాంకుశం గారు దిగారు. దిగినప్పుడు గంట మోగింది.

చిన్నక్క తల ఎత్తింది. ఆయన మెట్ల వైపు నడిచారు. గణగణ. అది వెళ్లి ఆయన వెనక, మూరెడు దూరంలో నిలబడింది. ఆయన ఆగితే ఆగింది, అడుగేస్తే అడుగేసింది. "ఇదేమిటి, ఇది నా వెనక పడుతోంది?" అన్నారాయన.

 మూడు వారాల్లో మొదటిసారి సుంకులమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వును కొంగులో దాచుకుంది. "గౌరవం సామీ. సభక్తికంగా వస్తాండాది. ఒక్క నిమిసం ఆగండి," అని నాలుగు క్యాన్లు నింపి, చకచకా చిన్నక్క వీపున కట్టింది. "ఇంక పొండి."

పరాంకుశం గారు ముందు, చిన్నక్క వెనక, హేమసుందర్ ఆఖరున మెట్లెక్కారు. సుంకులమ్మ కింది నుంచి చూస్తూ ఉండిపోయింది. పైన జరిగింది మద్దిలేటి పరుగున దిగొచ్చి చెప్పాడు. నాలుగు ఇళ్లు క్యాన్లు దించుకున్నాయట. కమిషనర్ గారు చెమటలు కారుతూ అరుగు మీద కూలబడి దాహమన్నారట. మద్దిలేటి తల్లి అప్పుడే దించిన క్యాన్లోంచి చెంబుడు నీళ్లిచ్చిందట. ఆయన గటగటా తాగి, అక్కడికక్కడే నివేదిక రాశారట: "పైపేటకు దినమునకు ఆరు విడతలుగా నీరు సక్రమముగా అందుచున్నది. నేను స్వయముగా గాడిదతో కలిసి నడిచి పర్యవేక్షించితిని, నీటిని సేవించితిని. కావున పైపు ఆవశ్యకత లేదు."

"తొమ్మిదేండ్ల అర్జీ అక్కా," అన్నాడు మద్దిలేటి. "మా నీళ్లు తాగి, నీళ్లుండాయని రాసినాడు."

సుంకులమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ మద్దిలేటి ఇంకా అయిపోలేదన్నాడు. హేమసుందర్ నివేదికను, ఫొటోను పైనుంచే ఫోన్‌లో జిల్లా ఆఫీసుకు పంపాడట. ఆ ఫొటోలో గంట మెడలో వేసుకుని కమిషనర్ ముందు నడుస్తున్నాడు, వెనక గాడిద. అక్కడివాళ్లకు ఆ ఫొటో తెగ నచ్చింది. ఎప్పుడూ లేనిది పది నిమిషాల్లో జవాబొచ్చింది: "అభినందనలు. ప్రతిమ తిరిగి వచ్చు పర్యంతము ఇదే పద్ధతి కొనసాగించి, దినమునకు ఆరు విడతల ఫొటోలు విధిగా పంపగలరు."

గంట చప్పుడు కిందికి దిగుతోంది. పరాంకుశం గారు ఆఖరి మెట్టు దిగి, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయారు. చిన్నక్క ఆయన భుజం పక్కన ఆగి ఊపిరి వదిలింది. ఎప్పుడు దిగారో పైపేట జనం కూడా మెట్ల పొడుగునా, జీపు చుట్టూ కూర్చుని ఉన్నారు.

"హేమసుందర్, ఈ గంట తీసేస్తే?"

"ఒక్క దినం మెడ తప్పినా విలువ పోతుంది సార్. మీరే సంతకం పెట్టారు."

"జిల్లా ఆఫీసుకు పొరపాటున ఆరు అని రాశామని చెబితే?"

"అప్పుడు నీళ్లు అందడం లేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది సార్. పైపు వెయ్యాల్సి వస్తుంది."

పరాంకుశం గారు గుట్ట పైకి చూశారు. రెండు వందల పద్నాలుగు మెట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పైపుకు సంతకం పెట్టడం ఆయన ప్రాణానికి అంతకంటే కష్టంగా తోచింది.

సుంకులమ్మ ఖాళీ క్యాన్లు విప్పి నిండువి కట్టింది. మోకులు బిగించి చూసుకుంది. ఆయన మీద జాలి కలుగుతుందేమోనని ఒకసారి వెతుక్కుంది. దొరకలేదు. చెంబుడు నీళ్లను రెండు పూటలకు సర్దుకున్న ముసలామె గుర్తొచ్చింది.

"లేయండి సామీ," అంది మర్యాదగానే. "ఒక్క విడతే అయింది. ఇంకా పద్దెనిమిది ఇండ్లు నీళ్లకు సూస్తాండాయి. ముందు మీరు కదిల్తే గానీ అది కదల్దు."

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టి మెల్లగా లేచారు. గంట కదిలింది. సుంకులమ్మ అలవాటు కొద్దీ నాలుక టకటకలాడించి "హై" అంది.

ఇద్దరూ కదిలారు.